పలక పలకని చోట

పోయిన వారం తోటి టీచరు ఒకామె నాకొక పీడీఎఫ్ పంపింది. నలభై పైచిలుకు పేజీలు. బీజగణితం నోట్‌బుక్‌లో అతికించుకోవడానికి సిద్ధంగా ఉన్న కాగితాలు: కిటికీ రెక్కల్లా తెరుచుకునే మడతలు, మధ్యలో సూది గుచ్చి తిప్పే చక్రాలు, జేబులా అతికించే కవర్లు, ఆ జేబుల్లో దాచుకోవడానికి కత్తిరించుకునే రంగు పలకలు. రెక్క మీద ‘విభాగ న్యాయం’ అని ఉంటుంది. ఎత్తితే లోపల సూత్రం, దాని కింద ఒక ఉదాహరణ. “అక్కా, ఈ ఏడు ఆల్జీబ్రా మొత్తం దీంతోనే చెప్పేద్దామనుకుంటున్నా. ఒకసారి చూసి ఎలా ఉందో చెప్పండి” అని రాసింది.

“బాగుంది, వాడు” అని రాయబోయాను. చాలా పేజీలు నిజంగానే బాగున్నాయి. మొత్తం తిరగేశాక మాత్రం ఒకటి గుచ్చుకుంది. ఆ నలభై పేజీల్లో ఎక్కడా ఏదీ అడ్డం తిరగదు. సమీకరణం చెప్పడానికి గీసిన త్రాసు ప్రతిసారీ సమంగా నిలుస్తుంది. పలకలు ప్రతిసారీ చక్కటి దీర్ఘచతురస్రంగా అమరిపోతాయి. ప్రతి రెక్క కిందా జవాబు ముందే అచ్చయి ఉంటుంది. ఎందుకు గుచ్చుకుందో ఆమెకు రెండు ముక్కల్లో చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే ఇంత రాస్తున్నాను.

చేత్తో పట్టుకునే ఏ సామగ్రి అయినా బీజగణితాన్ని కొంతదూరమే మోస్తుంది, ఆ తరవాత చేతులెత్తేస్తుంది. ఆ చేతులెత్తేసే చోటును పిల్లల కంట పడకుండా దాటవేయడం మనకు అలవాటైపోయింది. నా అభిప్రాయం ఏమిటంటే, పాఠాన్ని కావాలనే అక్కడిదాకా నడిపించాలి. నోట్‌బుక్ అనేది ముఖ్యంగా ఆ చోటును రాసిపెట్టుకోవడానికే ఉండాలి.

ఇంకో మాట. ఈ వ్యాసంలో ఎక్స్ బదులు ‘య’ రాస్తాను. తెలియని రాశికి మన పాత గణితంలో పేరు ‘యావత్తావత్’. ఎంతైతే అంత అని అర్థం. 1150లో భాస్కరాచార్యుడు రాసిన బీజగణితంలో మొదటి అవ్యక్తరాశికి దాని మొదటి అక్షరం ‘యా’ కనిపిస్తుంది. ఒకటి చాలక రెండోది, మూడోది కావాల్సి వస్తే రంగుల పేర్లు వస్తాయి: కాలకం, నీలకం, పీతకం, లోహితకం. నలుపు, నీలం, పసుపు, ఎరుపు. ఇవాళ మనం అట్టముక్కలకు పూసే రంగుల్ని వాళ్ళు మాటల్లో పూశారు. ‘ఎంతైతే అంత’ అన్న మాట కాస్త గుర్తుంచుకోండి, దానితో మళ్ళీ పనిపడుతుంది.

ఐదు గళ్ళ య

కొన్నేళ్ళ కిందట నేనూ ఇలాంటి సిద్ధం చేసిన కాగితాలతోనే మొదలుపెట్టాను. పలకల సంగతి టీచర్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చిన్న చదరం ఒకటి, సన్న పట్టీ య, పెద్ద చదరం య², ఒక రంగు ధనానికి, ఇంకో రంగు ఋణానికి. గళ్ళ కాగితం మీద గీసిన నమూనా ఒకటి దించుకుని, అట్ట మీద అతికించి, కత్తిరించి అందరికీ ఇచ్చాను. రెండు వారాలు హాయిగా నడిచింది. 2య + 3 అంటే రెండు పట్టీలు, మూడు చదరాలు. పిల్లల చేతులు చకచకా కదిలేవి. నాకు సంతోషంగా ఉండేది.

మూడో వారం ఒకమ్మాయి నోట్‌బుక్‌లో య + 4 పక్కన 9 అని రాసి ఉంది. అది సమీకరణం కాదు, ఉత్త సమాసం. దాని కింద 2య + 3 పక్కన 13. య² పక్కన 25.

“య ఎంతో మనకు తెలీదు కదమ్మా, ఎలా రాశావ్?” అన్నాను.

ఆ పిల్ల కవర్లోంచి పట్టీ తీసి బల్ల మీద పెట్టి, దాని పక్కన చిన్న చదరాలు ఒక్కొక్కటే పేర్చింది. ఐదు పట్టాయి. సరిగ్గా ఐదు, వెంట్రుకవాసి తేడా లేకుండా.

“తెలుసు టీచర్. ఐదు.”

ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా అదే ఆలోచన. ఆ పిల్ల తప్పేమీ చేయలేదు. వస్తువును చూసి నేర్చుకో అన్నాను, చూసి నేర్చుకుంది. పట్టీ పొడవు ఐదు గళ్ళు అని నేను గమనించనే లేదు. ఆలోచించి తయారుచేసిన ఆల్జీబ్రా టైల్స్‌లో పట్టీ పొడవు చిన్న చదరానికి సరిగ్గా ఇన్ని రెట్లు అని లెక్క తేలకుండా చూస్తారు. పేర్చుకుంటూ పోతే చివరి చదరం సగంలో ఆగుతుంది. నా నమూనా గీసినవాళ్ళు గళ్ళ వెంట గీసేశారు, నేను కళ్ళు మూసుకుని కత్తిరించాను. అయితే సగంలో ఆగే పట్టీ ఇచ్చి ఉంటే సమస్య తీరేదా? స్కేలు పెట్టి కొలిచి, య అంటే నాలుగు పాయింట్ ఆరు అని రాసేది, అంతే. పట్టీకి ఏదో ఒక పొడవు ఉండక తప్పదు. యకు మాత్రం ఏ ఒక్క పొడవూ ఉండకూడదు. అట్టముక్క ఎంత జాగ్రత్తగా కోసినా ఈ చిక్కు పోదు.

ఇంగ్లండ్‌లో పిల్లలు బీజగణితంలో అక్షరాన్ని ఎలా చూస్తారో కూషెమన్ పరిశీలించి 1981లో ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ చదవదగ్గది. ఆయన ఆరు రకాలు గుర్తించాడు. అక్షరానికి వెంటనే ఒక విలువ ఇచ్చేయడం, అక్షరాన్ని పట్టించుకోకపోవడం, దాన్ని ఒక వస్తువుగా చూడటం మొదటి మూడు. ఒక నిర్దిష్టమైన తెలియని సంఖ్యగా చూడటం, ఎన్నో సంఖ్యలకు ప్రతినిధిగా చూడటం, చరరాశిగా చూడటం తరవాతి మూడు. బీజగణితం అంటే నిజానికి ఆ చివరి మూడే. చాలామంది పిల్లలు మొదటి మూడింటి దగ్గరే ఉన్నారని ఆయన తేల్చాడు. నా అట్టపట్టీ ఆ పిల్లను తిన్నగా మొదటి మెట్టు మీద కూర్చోబెట్టింది. పలకల్ని కాసేపు వస్తువుల్లా లెక్కపెట్టించి నేనే మూడో మెట్టు కూడా చూపించాను. 3ప + 2న అంటే మూడు పెన్నులు, రెండు నోట్‌బుక్కులు అని చెప్పే అలవాటు మనలో ఎంతమందికి లేదు! ప అంటే పెన్ను కాదు, పెన్నుల సంఖ్యో, పెన్ను బరువో, ఏదో ఒక సంఖ్య. ఆ తేడా అప్పుడు చెప్పకపోతే, ఒక్కో ఆచార్యుడికి ఆరుగురు విద్యార్థులున్న చోట సమీకరణం రాయమన్నప్పుడు వి = 6ఆ అని రాయాల్సింది పోయి ఇంజినీరింగ్ చదివేవాళ్ళు కూడా 6వి = ఆ అని తలకిందులుగా రాస్తారు. 1980ల తొలినాళ్ళలో క్లెమెంట్ బృందం అడిగిన ప్రశ్న ఇది. తప్పు రాసినవాళ్ళు మూడింట ఒక వంతుకు పైనే ఉన్నారు.

మర్నాడు నేను వివరణ ఏమీ ఇవ్వలేదు. చార్టు ముక్కలు పంచి, “ఎవరి య వాళ్ళు కత్తిరించుకోండి. ఎంత పొడవైనా సరే. ఒకసారి కోశాక మాత్రం మార్చకూడదు. మీ పెద్ద చదరం మీ య కొలతకే రావాలి” అన్నాను. ఒకడు బల్ల పొడవునా కోశాడు. ఒకమ్మాయి వేలు గోరంత కోసింది. తరగతిలో ఎంతమంది ఉన్నారో అన్ని యలు తయారయ్యాయి.

2(య + 3)నీ 2య + 6నీ పక్కపక్కన పేర్చమన్నాను. పొడుగు పట్టీ వాడికి సరిపోయింది, పొట్టి పట్టీ పిల్లకూ సరిపోయింది. అందరివీ సరిపోయాయి. అప్పుడు 2య + 3 = 13 రాశాను. రెండు పట్టీలు, మూడు చదరాలు ఒక వరస. దాని కిందే పదమూడు చదరాలు ఇంకో వరస. ఒక్కసారిగా గోల. “టీచర్, నాది మించిపోతోంది.” “నాది అందట్లేదు.” “లెక్క తప్పిచ్చారు టీచర్.” ఎవరికైనా సరిపోయిందా అని అడిగాను. వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది. పాత పట్టీనే దాచుకుని, కొత్తది కోయకుండా కూర్చున్న ఆ అమ్మాయిదే.

సర్వసమీకరణానికీ సమీకరణానికీ తేడా నేను అంతకుముందు చాలాసార్లు బోర్డు మీద చెప్పాను. ఆ రోజు ఆ రెండు మాటలూ నేను ఎత్తకుండానే తేడా బల్లల మీద కనబడింది. ఒకటి య ఎంతైతే అంతకీ నిలుస్తుంది. ఇంకొకటి, య ఎంతైతే నేను నిలుస్తానో వెతుకు అంటుంది. ఆ అమ్మాయి ఐదు తప్పు జవాబు అనిపించుకోవడం మానేసి, ఒక ప్రశ్నకు జవాబు అయింది.

ఈ ఉపాయం నా సొంతం అని చెప్పుకోను. దశాంశ దిమ్మెలతో పేరొందిన జోల్టన్ డీన్స్ 1960లలోనే దీన్ని ఒక సూత్రంగా చెప్పాడు. ఒక భావన పిల్లలకు అందాలంటే దాన్ని వేర్వేరు వేషాల్లో చూపించాలి, అందులో ముఖ్యం కానివన్నీ మారుస్తూ పోవాలి, అప్పుడు మారనిది తనంతట తాను తేలుతుంది. నేను ఆ మాట చదివాను, పరీక్షలో రాశాను, తరగతిలో మర్చిపోయాను.

త్రాసుకు అందనిది

సమానం గుర్తు చెప్పడానికి త్రాసును మించింది లేదని ఇప్పటికీ నమ్ముతాను. 8 + 4 = □ + 5 అన్న లెక్క చాలామంది టీచర్లకు తెలిసే ఉంటుంది. ఫాక్నర్, లెవీ, కార్పెంటర్ 1999లో రాసిన వ్యాసంలో ఆ లెక్క చేసిన ఆరో తరగతి పిల్లలు 145 మందిలో ఒక్కరు కూడా గడిలో 7 రాయలేదు. 12 అన్నారు, 17 అన్నారు. వాళ్ళ దృష్టిలో ఆ గుర్తుకు ‘జవాబు ఇక్కడ రాయి’ అని అర్థం. రెండు పళ్ళాలు చూసిన పిల్లలకు ఈ పొరపాటు త్వరగా వదులుతుంది. ‘అటు పోతే గుర్తు మారుతుంది’ అనే పక్షాంతరం మంత్రం కూడా త్రాసు ముందు తేలిపోతుంది. అటు పోయింది ఏమీ లేదు, రెండు వైపులా ఒకే బరువు తీశాం.

మరి 2య + 7 = 3?

సాధారణంగా త్రాసు పాఠం ఉన్న కాగితాలు ఇలాంటి లెక్క ఇవ్వవు. కుడి వైపు ఎప్పుడూ పెద్ద సంఖ్యే ఉంటుంది. నేను ఒకసారి కావాలని ఇచ్చాను. రెండు వైపులా మూడేసి తీశారు. కుడి పళ్ళెం ఖాళీ. ఎడమ వైపు రెండు పట్టీలు, నాలుగు చదరాలు ఇంకా ఉన్నాయి. “ఖాళీ పళ్ళెంలోంచి ఏం తీస్తాం టీచర్?” అని ఒకడు. చాలాసేపు నిశ్శబ్దం. నేను నోరు తెరవబోయి ఆపుకున్నాను. అప్పుడు ఇంకొకడు, “తీయడానికి లేకపోతే, పైకి లాగేదేదైనా కడదాం. గాలిబుడగలు” అన్నాడు. నాలుగు బుడగలు కుడి పళ్ళేనికి, నాలుగు ఎడమకు. ఎడమ వైపు చదరాలు, బుడగలు ఒకదాన్నొకటి చంపుకున్నాయి. రెండు పట్టీలు కలిసి నాలుగు బుడగలు. ఒక్కో పట్టీ రెండు బుడగలు. “అంటే ఇంతసేపూ పళ్ళెంలో బరువుగా కూర్చుందనుకున్న పట్టీ పైకి ఎగిరే రకమా!” అని నవ్వారు. య = −2 అన్నది వాళ్ళకు అలా తగిలింది.

ఇంకో మూల నుంచి ఒకమ్మాయి, “టీచర్, ఋణం అంటే అప్పే కదా?” అంది. రోజుకు వందసార్లు ధన సంఖ్య, ఋణ సంఖ్య అంటాం, ఆ మాటల్లో ఉన్న సొమ్మూ అప్పూ మన చెవికి వినిపించవు. 628లో బ్రహ్మగుప్తుడు ఈ సంఖ్యల నియమాలు చెప్పింది ధనం, ఋణం, శూన్యం అన్న మాటలతోనే. ఆ అమ్మాయి వాక్యంతో ఇంకో నమూనా దొరికింది. ఏడు చేతిలో ఉన్నా, రెండు యలు కలిపితే మూడే మిగిలాయంటే, ఆ రెండూ కలిసి నాలుగు అప్పు. ఒకే లెక్క బుడగల్లో ఒకసారి, అప్పులో ఒకసారి నోట్‌బుక్కుల్లోకి ఎక్కింది.

త్రాసు ఇంకాస్త ముందుకెళ్ళి య² = 9 దగ్గర పూర్తిగా కూలబడింది. పళ్ళెంలో య² ఎలా పెట్టాలి? బరువును బరువుతో గుణిస్తే ఏమొస్తుంది? దానికి తరగతిలో ఎవరూ జవాబు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. త్రాసు తీసి పక్కన పెట్టి పలకలు బయటికి తీశాం.

మూడు చెప్పింది, పదమూడు చెప్పలేదు

పలకలకు పట్టాభిషేకం చేయదగ్గ లెక్క ఒకటుంది: య² + 10య = 39. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ దీన్ని గుర్తులేవీ లేకుండా మాటల్లో రాసి, బొమ్మ గీసి సాధించాడు. ఆల్జీబ్రా అన్న మాట పుట్టింది ఆయన పుస్తకం పేరులోని ‘అల్ జబ్ర్’ నుంచే. ఒక పెద్ద చదరం, పది పట్టీలు తీసుకోండి. ఐదు పట్టీలు చదరానికి కుడి పక్కన, ఐదు కింద. దాదాపు పెద్ద చతురస్రం తయారవుతుంది, ఒక మూల మాత్రం ఖాళీ. ఆ ఖాళీ ఐదైదుల ఇరవై ఐదు. దాన్ని చిన్న చదరాలతో నింపితే 39కి 25 కలిసి 64. భుజం ఎనిమిది. అందులో ఐదు తీస్తే య మూడు. ‘వర్గాన్ని పూర్తిచేయడం’ అనే మాట పిల్లలు అప్పటికి ఎన్నిసార్లు విన్నా, పూర్తిచేయాల్సింది నిజంగా ఒక మూల అని తెలిసేది ఇక్కడే. ఆ మూలలో చివరి చదరం పెట్టేటప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి.

చాలా నోట్‌బుక్ కాగితాలు ఇక్కడితో ఆగిపోతాయి. నేనూ చాలా ఏళ్ళు ఆగిపోయాను.

అదే పనిని పక్క పేజీలో గుర్తుల్లో రాస్తే (య + 5)² = 64. ఒక కుర్రాడు, “మైనస్ ఎనిమిదిని వర్గం చేసినా అరవై నాలుగే కదా” అన్నాడు. అంటే య + 5 = −8, య = −13. వేసి చూశారు: 169లోంచి 130 పోతే 39. సరిపోయింది. వెంటనే అందరూ పలకల వైపు చూశారు. మైనస్ పదమూడు భుజంగా ఉన్న చదరాన్ని ఎవరు కత్తిరిస్తారు? పలక పలకలేదు. గుర్తులు తమంతట తాము రెండో జవాబు చెప్పాయి. అల్ ఖ్వారిజ్మీ కూడా మూడే ఇచ్చాడు. ఆయన చేతిలో ఉన్నదీ చదరమే.

ఇక్కడే నేను భాస్కరుడి కోతుల లెక్క చెబుతాను. మందలో ఐదో వంతు తీసుకుని, మూడు తగ్గించి, వర్గం చేస్తే ఎన్ని వస్తాయో అన్ని కోతులు గుహలోకి పోయాయి. ఒకటి కొమ్మెక్కి కనబడుతోంది. మంద ఎంత? వర్గసమీకరణం 50, 5 అని రెండు జవాబులిస్తుంది. రెండోదాన్ని భాస్కరుడు పక్కన పెట్టాడు. ఐదులో ఐదో వంతు ఒకటి, అందులో మూడు తీస్తే ఋణం, అలాంటిదాని మీద లోకానికి నమ్మకం కుదరదని ఆయన కారణం. ఆయన పక్కన పెట్టడం సబబేనా అని పిల్లల్ని అడిగాను. మైనస్ రెండు కోతులు ఉండవు కాబట్టి సబబే అన్నారు కొందరు. ఒకమ్మాయి ఒప్పుకోలేదు. “మైనస్ రెండు వర్గం నాలుగు. నాలుగు గుహలో, ఒకటి కొమ్మ మీద. మొత్తం ఐదు. సరిపోయింది కదా, ఎందుకు కొట్టేశాడు?” ఆ పీరియడ్ అయిపోయి గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ వాదంలో నేను ఎటువైపో ఇప్పటికీ నాకు తేలలేదు. ఒక రోజు ఆ అమ్మాయి వైపు, ఒక రోజు భాస్కరుడి వైపు.

ఎదురు మాటలు

నా పద్ధతి గురించి చెప్పినప్పుడు ఒక పెద్ద టీచరుగారు, “ఉన్నదే బుర్రకెక్కనివాళ్ళకు, అది ఎక్కడ పనిచేయదో కూడా చూపిస్తానంటావేమిటమ్మా?” అన్నారు. ఆయన మాటను తేలిగ్గా తీసుకోలేను. లెక్కలంటే ముందే బెదిరిపోయిన పిల్లలకు త్రాసు ఒక్కటే గట్టి నేల. దాన్ని కూడా లాగేస్తే మళ్ళీ ఏదీ నమ్మరు. నా తరగతిలోనే ఒకసారి అలా జరిగింది. సమానం గుర్తు సరిగ్గా కుదురుకోకముందే ఋణ సంఖ్య లెక్క ఇచ్చాను. ఒక కుర్రాడు, “అయితే మొన్న చెప్పింది తప్పా?” అని అడిగి నోట్‌బుక్ మూసేశాడు. వాడు మళ్ళీ దారిలోకి రావడానికి నెల పట్టింది. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఒక నమూనాతో పిల్లలు నా సాయం లేకుండా లెక్కలు సొంతంగా తయారుచేయగలిగిన తరవాతే దాని చివరి అంచుకు తీసుకెళ్తాను. అలాగే, ‘ఇది తప్పు’ అనే మాట వాడను. ‘ఇది ఇక్కడిదాకా వచ్చింది’ అంటాను.

ఇంకోవైపు నుంచి, అసలు ఈ వస్తువులే వద్దు, మొదటినుంచీ గుర్తులతోనే చెప్పండి అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ చేతిలోనూ ఆధారాలున్నాయి. 2008లో కమిన్‌స్కీ, స్లౌట్‌స్కీ, హెక్లర్ ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, నిత్యజీవిత ఉదాహరణలతో నేర్చుకున్నవాళ్ళ కన్నా ఉత్త గుర్తులతో నేర్చుకున్నవాళ్ళు ఆ జ్ఞానాన్ని కొత్త చోటికి బాగా తీసుకెళ్ళగలిగారు. ఆ ప్రయోగం తీరు మీద తరవాత గట్టి అభ్యంతరాలే వచ్చాయి. 2013లో కార్బనో బృందం 55 అధ్యయనాలను కలిపి చూస్తే, చేత్తో పట్టుకునే వస్తువుల వల్ల మేలు ఉంది గానీ అది పెద్దదేమీ కాదని, టీచరు ఎలా నడిపిస్తారన్న దాన్నిబట్టి చాలా మారిపోతుందని తేలింది. నాకు ఈ రెండో ఫలితం నమ్మదగ్గదిగా అనిపిస్తుంది, నా తరగతిలో నేను చూసిందీ అదే.

అలంకరణ విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. మనస్తత్వ పరిశోధకురాలు జూడీ డిలోష్ చిన్నపిల్లలకు ఒక గది బుల్లి నమూనాలో బొమ్మ ఎక్కడ దాచారో చూపించి, అసలు గదిలో దాన్ని వెతకమనేది. ఆ నమూనాతో ముందుగా ఆడుకోనిస్తే పిల్లలు ఇంకా ఎక్కువ తడబడ్డారు. వస్తువు దానికదే ముద్దొస్తే, అది ఇంకోదానికి గుర్తు అన్న సంగతి వెనక్కి పోతుంది. పలకల మీద నవ్వుమొహాలు గీసి ఇచ్చే కాగితాలను నేను అందుకే పక్కన పెడతాను. అయినా ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఏడాదంతా నోరు విప్పని పిల్లలు కొందరు కత్తెర పట్టుకోగానే మనుషులవుతారు. మడతలు నీటుగా పెట్టి, పక్కవాళ్ళకు చూపించి, ఆ వంకతో మాట్లాడతారు. ఆ పావుగంటను వృథా అని లెక్కవేసే మనసు నాకు లేదు. నేను చూసేదల్లా ఒకటే. కత్తెర పని పావుగంట దాటితే మిగతాది ఇంటికి పంపేస్తాను.

ఎడమ పేజీ

ఇంటరాక్టివ్ నోట్‌బుక్ పద్ధతిలో కుడి పేజీ టీచరు ఇచ్చినదానికి, ఎడమ పేజీ పిల్లలు దాంతో సొంతంగా చేసినదానికి. నేను వచ్చిన పీడీఎఫ్‌లో ఎడమ పేజీ కోసం వెతికాను. ఉన్నాయి గానీ వాటిలోనూ గీతలు గీసి, ‘ఇక్కడ రంగు వేయండి’ అని రాసి ఉంది. నా పిల్లల ఎడమ పేజీలో నేను అడిగేవి మూడే. పలకలతో చేసిన ప్రతి అడుగు పక్కన అదే అడుగు గుర్తుల్లో ఉండాలి, అదే పీరియడ్‌లో. రేపటికి వాయిదా వేస్తే బొమ్మ ఒక పాఠం, గుర్తులు ఇంకో పాఠం అయిపోతాయి. రెండోది, కొట్టివేతలు చెరపకూడదు. మూడోది, పేజీ అడుగున రెండు గీతల మధ్య జాగా వదలాలి. దాని పేరు ‘ఇక్కడిదాకా వచ్చింది’. ఆ జాగాలో ఒక అబ్బాయి రాసుకున్నది నాకు కంఠస్థం: “పలక 3 చెప్పింది. 13 మైనస్ అని సిగ్గుపడి చెప్పలేదు. రాత చెప్పింది.” ఇంకో అమ్మాయి త్రాసు పాఠం కింద, “య² పెట్టడానికి పళ్ళెం చాలదు” అని రాసింది. ఏడాది చివర ఈ జాగాలు మాత్రమే వరసగా చదివితే బీజగణితం ఎలా ఎదిగిందో తెలుస్తుంది. అచ్చు కాగితాల్లో నాకు ఎక్కడా దొరకనిది అదే.

రెక్కల కాగితాల మీద నాకు కోపం లేదు. రెక్క ఉన్నది మూసి ఉంచడానికి. పైన ప్రశ్న చదివి, లోపల ఏముందో గుర్తు తెచ్చుకుని, అప్పుడు ఎత్తి చూసుకుంటే అది మంచి సాధనం. చదివిందే మళ్ళీ చదివినవాళ్ళ కన్నా, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్ళకు వారం తరవాత ఎక్కువ జ్ఞాపకం ఉందని రోడిగర్, కార్పికీ 2006లో చూపించారు. అయితే రెక్క కింద అచ్చయి ఉన్న వాక్యం గుర్తు తెచ్చుకుంటే పిల్లకు అచ్చువాడి వాక్యమే వస్తుంది. లోపలి వైపు ఖాళీగా ఇవ్వాలి.

అందుకే ఆమెకు చివరికి ఇలా రాశాను. కాగితాలు వాడు. రెక్కల లోపలివైపు అచ్చంతా తెల్లకాగితం అడ్డంపెట్టి జిరాక్స్ తీయి. త్రాసు పేజీలో చివరి లెక్క నువ్వే చేర్చు, కుడి వైపు చిన్న సంఖ్య వచ్చేలా. వర్గం పూర్తిచేసే పేజీ అడుగున నాలుగు వేళ్ళ జాగా వదులు. పలకల పేజీ మాత్రం అసలు వాడొద్దు. ఎవరి య వాళ్ళని కోసుకోనీ.

నిన్న సాయంత్రం ఫోన్ చేసింది. పిల్లలు యలు కోసుకున్నారట, గోల గోలట. “అక్కా, ఒకడు మరీ పొట్టిగా కోశాడు. వాడి య చిన్న చదరంలో సగమే ఉంది. అంత చిన్నది కుదరదు, మళ్ళీ కొయ్యి అని చెప్పనా?” అంది.

వద్దు అన్నాను. ఏమీ చెప్పొద్దు, వాణ్ణి ఇప్పుడు య² కత్తిరించి యతో పోల్చి చూడమను.